హైస్కూలు తొలి ఏడాది... తల్లిదండ్రులు ఓ కన్నేసి ఉంచండి!

మృగశిర కార్తె వచ్చిందంటే రైతుకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. దుక్కి, విత్తనం, ఎరువు, అప్పు నాలుగూ ఒక్కసారే నెత్తిన కూర్చుంటాయి. బడులు తెరిచేది కూడా సరిగ్గా అదే వారం. ఊళ్లోని ప్రాథమిక బడిలో అయిదో తరగతి అయిపోయిన కొడుకునో బిడ్డనో తీసుకుపోయి ఉన్నత పాఠశాలలో చేర్పిస్తాం. బదిలీ పత్రం చేతికిచ్చి, చూపించిన చోట సంతకమో వేలిముద్రో వేసి, మొగులు చూసుకుంటూ చేను దిక్కు నడుస్తాం. మళ్లీ ఆ బడి గడప తొక్కేదెప్పుడు? చాలామంది విషయంలో పదో తరగతి అయినంక టీసీ తెచ్చుకోవడానికే. నడుమ అయిదేళ్లు గడిచిపోతాయి.

పత్తి గింజ పెట్టిన రైతు వారం తిరక్కుండా మొలక చూసుకుంటాడు. సాళ్లలో ఎక్కడ గింజ పోయిందో చూసి మళ్లీ పెడతాడు. నెలన్నర దాటినంక చూస్తే పోయిన మొలక స్థానంలో కొత్తది పెట్టినా ఎదగదని ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. హైస్కూలు చదువు కూడా అట్లాగే ఉంటుంది. పిల్లలు బడి మానేది ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో కావచ్చు. మానడానికి కారణం మాత్రం తరచుగా చేరిన మొదటి ఏడాదిలోనే మొదలవుతుంది. ఆ ఏడాది ఇంట్లోవాళ్లకు ఏమీ తెలియకుండానే గడిచిపోతుంది. అందుకే ఈ వారం పంటల సంగతి కాస్త పక్కనబెట్టి ఈ ముచ్చట చెప్పుకుందాం.

ఒక్క సారు పోయి ఆరుగురు వచ్చారు

ఊరి బడిలో అయిదేళ్లూ ఇద్దరు ముగ్గురు టీచర్లే అన్నీ చెబుతారు. వాళ్లకు మీ ఇల్లు తెలుసు, మీ పేరు తెలుసు. పిల్లవాడు రెండు రోజులు కనిపించకపోతే దారిలో ఎదురైనప్పుడే అడుగుతారు. పోచంపల్లి చుట్టుపక్కల చిన్న ఊళ్ల నుంచి ఆరో తరగతికి పెద్ద బడికి పోయే పిల్లలకు ఈ వరస ఒక్కసారిగా మారిపోతుంది. తెలుగుకు ఒకరు, హిందీకి ఒకరు, ఇంగ్లీషుకు ఒకరు, లెక్కలకు, సైన్సుకు, సాంఘికశాస్త్రానికి తలా ఒకరు. గంట కొట్టగానే ఒకరు పోతారు, ఇంకొకరు వస్తారు. ఏ సారు అయినా మీ పిల్లవాణ్ని చూసేది ముప్పావు గంట. అంతమంది చూస్తున్నా మొత్తం పిల్లవాణ్ని చూసేవారు ఎవరూ ఉండరు. హాజరుపట్టీ రాసే తరగతి ఉపాధ్యాయుడు ఒక్కరికే కొంత తెలుస్తుంది. కాబట్టి మీరు మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఆ క్లాసు టీచర్ ఎవరన్నది. ప్రధానోపాధ్యాయుని పేరు తెలిసినంత మాత్రాన సరిపోదు.

హిందీ మన సర్కారు బడుల్లో ఆరో తరగతిలోనే మొదలవుతుంది. అక్షరాల నుంచి నేర్చుకోవాలి. మొదటి రెండు నెలలు జ్వరమొచ్చో, ఇంటి పనికో బడి మానిన పిల్లలకు ఆ అక్షరాలే పట్టుబడవు. తర్వాత ఆ గంట వచ్చిందంటే కడుపునొప్పి వస్తుంది. మీరు దాన్ని కడుపునొప్పే అనుకుంటారు.

ఇంగ్లీషు సంగతి ఇంకొకటి. 2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం తెచ్చారు. 'మన పిల్లలకు ఇంగ్లీషొస్తది' అని సంతోషపడ్డాం, తప్పు లేదు. అయితే అప్పుడే ప్రభుత్వం ఒక పేజీలో ఇంగ్లీషు, దాని ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉండేటట్టు పుస్తకాలు అచ్చువేసింది. ఈ సౌకర్యం ఉన్న సంగతి చాలా ఇండ్లలో పెద్దలకు తెలియదు. పిల్లవాడు ఇంగ్లీషు పేజీని బట్టీ పడుతూ ఉంటే 'మంచిగ చదువుతున్నడు' అనుకుంటారు. ఈ రాత్రి పుస్తకం తెరిపించి తెలుగు పేజీ చదివించండి. చదివినంక 'ఏం చెప్పిండు ఇండ్ల?' అని అడగండి. మీకు అక్షరం ముక్క రాకపోయినా, చెప్పేది అర్థమై చెబుతున్నాడా, అప్పజెబుతున్నాడా అన్నది గొంతులోనే తెలిసిపోతుంది.

కబురు మోసేది ఎవరు?

బడి నుంచి ఇంటికి వచ్చే సమాచారమంతా ఎవరి చేతిమీదుగా వస్తుందో ఆలోచించండి. పిల్లవాడి చేతిమీదుగానే. మీటింగు చీటీ వాడే తేవాలి. ప్రోగ్రెస్ కార్డు వాడే తేవాలి. 'మీ నాయినను తోలుకురా' అన్న మాట వాడే చెప్పాలి. ఉత్తరం ఎవరి మీదనో, ఉత్తరాలు పంచేది కూడా వాడే. అందులో మంచి కబురుంటే పరుగెత్తుకుంటూ వస్తుంది. చెడ్డ కబురైతే సంచిలోనే నలిగిపోతుంది.

'ఇప్పుడు ఫోన్లున్నయ్ గదా' అంటారా? అక్కడా అదే కథ. చేర్పించిన నాడు రాయించిన నంబరు రీచార్జి అయిపోయి మూలన పడి ఉంటుంది, లేదా పక్కింటివాళ్లది అయి ఉంటుంది. వాట్సాప్ గ్రూపు ఉన్నచోట ఆ ఫోను సాయంత్రమంతా పిల్లవాడి చేతిలోనే ఉంటుంది. సారు పంపిన మెసేజీ మీకంటే ముందు వాడే చూస్తాడు. చూసి తుడిచేయడం ఇప్పటి పిల్లలకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు! కాబట్టి పనిచేసే నంబర్లు రెండు ఇవ్వండి. ఒకటి తల్లిదైతే మరీ మంచిది. నంబరు మారిన నాడు ఎరువుల దుకాణంలో చెప్పినట్టే బడిలోనూ చెప్పండి.

ప్రోగ్రెస్ కార్డు ఏడాదికి ఎన్నిసార్లు రావాలో తెలిస్తే, రాని నాడు అడగగలుగుతారు. మన రాష్ట్రంలో చిన్న పరీక్షలు నాలుగు, పెద్ద పరీక్షలు రెండు ఉంటాయి. చిన్నవాటిని ఎఫ్.ఏ. అంటారు, పెద్దవాటిని ఎస్.ఏ. అంటారు. మామూలుగా మొదటి చిన్న పరీక్ష వానాకాలం కలుపు తీసే రోజుల్లో వస్తుంది. మొదటి పెద్ద పరీక్ష దసరాకు అటూఇటూగా ఉంటుంది. చివరిది ఏప్రిల్‌లో, యాసంగి వరి కోతల మీద పడుతుంది. ప్రతి పరీక్ష తర్వాత మార్కులు ఇంటికి రావాలి. కార్డు మీద ఉన్న గ్రేడు అక్షరం చూసి వేలిముద్ర వేయకండి. ఏ సబ్జెక్టులో ఎన్నికి ఎన్ని వచ్చాయో చదివించుకోండి. చదివేది ఆ పిల్లవాడు కాకుండా ఇంకొకరైతే నయం.

'పాస్' అన్న మాటను నమ్ముకోవద్దు

మనలో నడీడు దాటినవారికి ఏడో తరగతి కామన్ పరీక్ష గుర్తుండే ఉంటుంది. 1990లలో ఆ పరీక్ష అంటే ఊరంతటికీ తెలిసేది. తప్పినవాడెవరో, గట్టెక్కినవాడెవరో ఫలితాల నాడు కచ్చీరు కాడ చెప్పుకునేవారు. ఆ భయం మంచిది కాదన్న మాట నిజమే. కానీ చదువు రాని సంగతి ఏడులోనే బయటపడేది. తర్వాత విద్యాహక్కు చట్టం వచ్చింది. 2009లో చేసిన ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లలను అదే తరగతిలో ఆపకూడదని, బడి నుంచి తీసేయకూడదని అది చెప్పింది. 2019లో సవరణ చేసి, అయిదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే వెసులుబాటు ప్రభుత్వాలకు ఇచ్చారు.

దీనివల్ల పేదింటి పిల్లలకు మేలే జరిగింది. తప్పామన్న సిగ్గుతో ఆరులోనే పుస్తకాలు అటకెక్కించే పని తప్పింది. అయితే 'ఏడుకు పోయిండు' అంటే 'ఆరు వచ్చింది' అని అర్థం కాదు. భాగహారం రాకుండానే ఎనిమిదికి వెళ్లవచ్చు. తొమ్మిదిలో గోడ తగిలినట్టు తగులుతుంది. అప్పుడు 'నాకు సదువు రాదు, పనికి పోత' అంటాడు. మీరు అప్పుడు కోప్పడతారు. మూడేళ్ల కిందటి ముచ్చట అది.

యూరియా బస్తాతో ఒక పరీక్ష

చదువు రాని మేమెట్లా పరీక్ష చేయాలని అడగవచ్చు. మీ ఇంట్లోనే ప్రశ్నపత్రం ఉంది. ఖాళీ యూరియా బస్తా ముందర వేసి దాని మీదున్నది చదవమనండి. బస్తా 45 కిలోలు, నత్రజని 46 శాతం. 'అట్లయితే బస్తల నత్రజని ఎన్ని కిలోలురా?' అనండి. 20 కిలోల 700 గ్రాములు అని రావాలి. శాతాలు హైస్కూలు మొదటి రెండేళ్లలో చెప్పేవే. 'ఎకరానికి రెండు బస్తాలు ఏస్తే రెండెకరాల పది గుంటలకెన్ని?' అని అడగండి. ఎకరానికి నలభై గుంటలని మీరు చెప్పవచ్చు. నాలుగున్నర బస్తాలు. కాగితం, పెన్ను ఇవ్వండి, తొందర పెట్టకండి. రాకపోతే కొట్టకండి, 'దున్నపోతు' అనకండి. ఏది రాలేదో గుర్తుంచుకుని లెక్కల సారుకు చెప్పండి. 'మావోనికి శాతాలు వస్తలేవు సార్' అని చెప్పే తండ్రిని సారు ఎప్పటికీ మరిచిపోడు. 'మావోడు ఎట్ల సదువుతున్నడు సార్' అని అడిగితే మాత్రం 'పర్వాలేదు' అన్న ఒక్క మాటే వస్తుంది. పర్వాలేదు అన్న జవాబుతో ఏ పనీ కాదు.

పురుగుమందు డబ్బాతో మాత్రం ఈ పరీక్ష పెట్టవద్దు. పిల్లల చేతికి ఆ డబ్బా పోనే కూడదు.

చెప్పడం బడి బాధ్యత, అడగడం మీ హక్కు

'మనం పోయి అడిగితే సార్లు ఏమనుకుంటరో' అన్న జంకు చాలామందిలో ఉంది. మాసిన బట్టలతో పోతే బాగుండదని గేటు బయటే నిలబడేవారున్నారు. చట్టం ఏమంటోందో తెలిస్తే ఈ జంకు పోతుంది. విద్యాహక్కు చట్టంలో 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులు చెబుతుంది. వేళకు బడికి రావడం, పాఠాలు గడువులో పూర్తి చేయడం, ఒక్కో పిల్లవాడికి ఎంత వచ్చిందో అంచనా వేసి, అవసరమైతే అదనంగా చెప్పడం అందులో ఉన్నాయి. వాటితోపాటే తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు పెట్టి, పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ముందుకు పోతున్న తీరు తెలియజేయాలని కూడా రాసి ఉంది. కాబట్టి మీరు పోయి అడిగేది సాయం కాదు. చెప్పడం వాళ్ల ఉద్యోగంలో భాగం.

అదే చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది మహిళలు ఉండాలి. 2024లో మన రాష్ట్రంలో మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వేశారు. మీ సంఘంలో ఎవరు ఆ కమిటీలో ఉన్నారో కనుక్కుంటే, పొదుపు మీటింగు నాడే బడి సంగతి కూడా తెలుస్తుంది. తల్లిదండ్రుల సమావేశం ఏ రోజు పెడతారో జూన్‌లోనే ప్రధానోపాధ్యాయుణ్ని అడిగి గోడ క్యాలెండర్ మీద గుండ్రంగా గీత గీసుకోండి.

సార్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మీటింగు పెడితే నలభై మందికి ఆరుగురు వస్తే ఏ సారుకైనా ఉత్సాహం చచ్చిపోతుంది. వచ్చిన ఆరుగురు కూడా ఫర్వాలేకుండా చదివే పిల్లల తల్లిదండ్రులే అయి ఉంటారు. మాట్లాడాల్సినవారు కోత మీదనో, కూలి మీదనో ఉంటారు. మీటింగు మధ్యాహ్నం కాకుండా పొద్దున పెట్టమని, నాట్ల వారంలో పెట్టవద్దని కమిటీ ద్వారా చెప్పవచ్చు. వినే ప్రధానోపాధ్యాయులు చాలామంది ఉన్నారు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేయాలి. పోచంపల్లి పేరు దేశమంతటికీ తెలిసింది అడగడం వల్లనే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే వచ్చి దళితవాడలో కూర్చుని మీకేం కావాలన్నప్పుడు, భూమిలేని కుటుంబాలవారు లేచి ఎనభై ఎకరాలు కావాలని లెక్క చెప్పి అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిస్తానని నిలబడ్డారు. 'ఏదో మీ దయ' అని ఊరుకుంటే భూదానోద్యమం ఈ ఊళ్లో పుట్టేది కాదు. ఆ తాతల మనవలం బడి గేటు దగ్గర జంకడమేమిటి?

రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లలను బడికి మళ్లించే పని 1991లో మొదలుపెట్టిన ఎం.వి. ఫౌండేషన్ అనుభవం కూడా ఇదే చెబుతోంది. దాని కార్యదర్శిగా పనిచేసి 2003లో మెగసెసె పురస్కారం అందుకున్న శాంతా సిన్హా, పేద తల్లిదండ్రులకు పిల్లలను చదివించాలన్న కోరిక లేకపోవడం కాదు అసలు సమస్య అంటూ వచ్చారు. కాగితాలు, గడువులు, నియమాలు తెలియక చదువురాని తల్లిదండ్రులు బడి ముందర తికమకపడి వెనుదిరగడమే అసలు చిక్కు అన్నది ఆమె వాదన. ఊళ్లలో తిరిగినవారికి ఇది ఎంత నిజమో తెలుసు.

పత్తి ఏరే రోజులు

మూసీ కాల్వల కింద వరి, మీది చెల్కల్లో పత్తి. దీపావళికి అటూఇటూ పత్తి పగిలి తెల్లగా నవ్వుతుంటే కూలీలు దొరకరు. దొరికినా కిలోకింత అని పెంచి అడుగుతారు. 'నాలుగు రోజులు రారా బిడ్డా' అని పిల్లలను చేనుకు తీసుకుపోతాం. అందులో దురాశ లేదు, ఇబ్బందే ఉంది. కానీ ఒక్క లెక్క చేసుకోండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదిలో 220 పనిదినాలుండాలని చట్టం చెబుతోంది. నెలకు నాలుగు రోజులు మానితే పది నెలలకు నలభై రోజులు. మిగిలేవి 180. పోయిన నలభై రోజుల్లో లెక్కల గంటలు నలభై, ఇంగ్లీషు గంటలు నలభై. అవి ఏడాదంతా చెదురుమదురుగా పోవు. పత్తి రెండో, మూడో ఏరుడు రోజుల్లో గుంపుగా పోతాయి, పోయిన చోట పాఠం మొత్తం పోతుంది. అంటే భిన్నాలు మొత్తం పోవచ్చు.

2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. సొంత ఇంటి పనికి సాయపడటం కూడా బడి వేళల తర్వాత, సెలవుల్లోనే అయి ఉండాలి. చట్టం మాట అటుంచండి. ఏరుడును దసరా సెలవులకు, ఆదివారాలకు ఎంతవరకు జరపగలరో చూడండి. ఇరుగుపొరుగు రైతులు బదులు పనికి ఒప్పుకుంటే పిల్లల అవసరం సగం తగ్గుతుంది. తప్పనిసరై ఒకరోజు మానిపించినా ముందురోజే క్లాసు టీచరుకు చెప్పండి, మర్నాడు ఆ రోజు పాఠం పక్కవాడి నోటుబుక్కులో చూసి రాయించండి. చెప్పకుండా మానిపిస్తే పిల్లవాడికి ఒక పాఠం తెలిసిపోతుంది: మానినా ఎవరూ అడగరని. తర్వాత పత్తి లేని రోజుల్లో కూడా మానతాడు, అది మీకు తెలియదు.

మగ్గాల ఇండ్లలో కూడా ఇంతే. చిటికి కట్టడానికో, ఆసు పోయడానికో పిల్లల చేతులు తేలిగ్గా దొరుకుతాయి. ఆలేరు దగ్గరి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ అందరికీ తెలిసిందే. తల్లి లక్ష్మి ఆసు పోసి భుజాలు నొప్పులతో బాధపడటం చూసి ఆసుయంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన ఇంట్లో జరుగుబాటు లేక ఆరో తరగతితోనే బడి మానినవాడు. 'ఆయనేం సదివిండని?' అని కొందరు ఆయనను ఉదాహరణగా చూపుతారు. అంత బుర్ర ఉన్న పిల్లవాడు ఆరో తరగతిలో బడి విడిచి, యంత్రం కోసం ఏళ్లతరబడి తంటాలు పడాల్సి వచ్చిందన్న సంగతి మాత్రం చెప్పరు.

బస్సు, మొదటి గంట

చిన్న విషయంగా కనిపించే పెద్ద విషయం బస్సు. ఆడపిల్లలకు 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోవాలి. మగపిల్లలకు బడి నుంచి ధ్రువీకరణ తీసుకుని విద్యార్థి పాసు చేయించాలి. అయితే అడగాల్సిన ప్రశ్న చార్జీ గురించి కాదు. ఆ బస్సు బడి గంటకు ముందు చేరుతుందా, తర్వాత చేరుతుందా? పది నిమిషాలు ఆలస్యంగా చేరే బస్సయితే మీ పిల్లవాడు రోజూ అదే సబ్జెక్టులో సగం పోగొట్టుకుంటాడు. మొదటి గంట ఏ పాఠమో కనుక్కోండి. నలుగురు తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయుని చేత ఉత్తరం రాయించుకుని డిపో మేనేజరును కలవవచ్చు.

ఆడపిల్ల ఉన్న ఇంట్లో తల్లి తప్పకుండా బడికి వెళ్లి రావాలి. మరుగుదొడ్డికి తలుపు ఉందా, నీళ్లు వస్తున్నాయా అన్నది తండ్రికి ఎవరూ చెప్పరు. హైస్కూలు మొదటి రెండు మూడేళ్లలోనే పిల్ల పెద్దమనిషవుతుంది. నెలకు మూడు రోజులు ఇంట్లో ఉండిపోతే దానికి బడిలో ఏం లోటుందో తల్లే పట్టుకోగలదు. ఆడ టీచరు ఒకరితో పరిచయం పెంచుకుంటే చాలా సంగతులు నోరు తెరిచి అడక్కుండానే తెలుస్తాయి. దారిలో ఎవరైనా వెంటపడుతున్నారని పిల్ల చెబితే 'బడి మానెయ్' అనవద్దు. ఆ మాట అంటారని తెలిస్తే ఇంకోసారి చెప్పదు. కష్టంలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

రిజిస్టర్‌లో ఏముందో చూడండి

చేర్పించిన నాడే చూడాల్సింది అడ్మిషన్ రిజిస్టర్. పిల్లవాడి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, కులం, చివరికి పుట్టుమచ్చలు కూడా అందులో రాస్తారు. రేపు పదో తరగతి మెమో మీద వచ్చేవి ఆ పేరు, ఆ తేదీయే. ఆధార్‌లో ఒక తీరు, బడిలో ఇంకో తీరు ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర ఆగుతుంది. పట్టా పాసుపుస్తకంలో ఒక్క అక్షరం తేడాకు ఎన్నిసార్లు తిరిగామో మనకు తెలుసు. బడి స్థాయిలో ఉండగా దిద్దించుకోవడం తేలిక. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చినంక అయితే హైదరాబాద్ పరీక్షల బోర్డు దాకా పోవాలి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాక పోచంపల్లి మండలం నల్గొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. అన్నల, అక్కల పాత కాగితాల్లో నల్గొండ జిల్లా అని ఉంటే కంగారు పడనక్కర లేదు.

టీసీ ఆలస్యమైందని చేర్చుకోమంటే ఒప్పుకోవద్దు. ఎనిమిదో తరగతి దాకా టీసీ లేదన్న కారణంతో ప్రవేశం ఆపకూడదని చట్టంలో ఉంది.

ఎనిమిదిలో చేరేవారికి 48 వేల ముచ్చట

కొన్ని ఊళ్లలో ఏడు దాకా ప్రాథమికోన్నత బడి ఉంటుంది. ఆ పిల్లలకు హైస్కూలు తొలి ఏడాది అంటే ఎనిమిదో తరగతి. వీరికి పని ఇంకా ఎక్కువ. ఒక సైన్సు రెండవుతుంది. భౌతికశాస్త్రానికి ఒక సారు, జీవశాస్త్రానికి ఒక సారు. కొత్త బడి, కొత్త స్నేహితులు. ఆ హడావిడిలోనే ఒక మంచి అవకాశం చేతికి అందకుండా పోతుంది.

జాతీయ ఉపకార వేతన పరీక్ష ఒకటుంది. ఎన్.ఎం.ఎం.ఎస్. అంటారు. ఎనిమిదో తరగతి చదివే ఏడాదిలోనే రాయాలి. సర్కారు, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది. గురుకులాలు, కేంద్రీయ, నవోదయ విద్యాలయాల పిల్లలకు వర్తించదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12 వేల రూపాయలు పిల్లవాడి బ్యాంకు ఖాతాలో పడతాయి. నాలుగేళ్లకు 48 వేలు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం చాలు. ఆరులో చేరిన పిల్లల తల్లిదండ్రులు కూడా ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఏడో తరగతి మార్కులు ఎందుకూ పనికిరావనుకోవద్దు.

ఇటీవలి సంవత్సరాల్లో ఈ పరీక్ష నవంబరులో జరుగుతోంది. దరఖాస్తులు వానాకాలంలోనే ముగుస్తాయి. జూన్‌లో కొత్త బడికి వచ్చిన పిల్లవాడికి ఆగస్టులో నోటీసు బోర్డు మీద పెట్టిన కాగితం అర్థం కాదు. అర్థమైనా ఆదాయ పత్రం ఉండదు. మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు కార్యాలయం నుంచి వచ్చేసరికి గడువు దాటుతుంది. అందుకని రైతుబజారుకో, ఎరువులకో పోయిన నాడే కుల, ఆదాయ పత్రాలకు దరఖాస్తు పెట్టేయండి. పిల్లవాడి పేరున బ్యాంకు ఖాతా తెరవండి, ఆధార్ కలపండి. జూలైలో లెక్కల సారును 'ఎన్.ఎం.ఎం.ఎస్.కు మావోని పేరు రాసుకున్నరా సార్?' అని అడగండి. పరీక్షలో సగం తర్కం, సగం ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలు. చాలా బడుల్లో సార్లే సాయంత్రం పూట పాత ప్రశ్నలు చేయిస్తారు. ఆ నెలా రెండు నెలలు బర్రెలను ఇంకొకరు తోలుకొస్తే సరిపోతుంది.

ఏ పని నాడు పోవాలి?

పని మానుకుని వారం వారం తిరగమని ఎవరూ చెప్పరు. ఏడాదికి నాలుగుసార్లు చాలు. జూన్ నెలాఖరులో ఒకసారి పోయి క్లాసు టీచరును చూసి, ఫోన్ నంబర్లు, రిజిస్టర్ పేర్లు సరిచూసుకోండి. మొదటి కలుపు అయినంక, చిన్న పరీక్ష మార్కులు వచ్చాక మరోసారి పొండి. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పోకడ. తప్పిన మొలక అప్పటికింకా పెట్టుకోవచ్చు. సంక్రాంతి సెలవుల తర్వాత పోయి హాజరుపట్టీ చూపించమని అడగండి. పత్తి రోజుల్లో ఎన్ని పోయాయో అక్కడ తెలుస్తుంది. చివరగా ఏప్రిల్‌లో ఫలితాలిచ్చే నాడు. సాయంత్రం చివరి గంట వేళ పోతే సార్లకు తీరిక ఉంటుంది. పాఠం నడుస్తుండగా కిటికీలోంచి పిలవవద్దు.

పాలమూరు వైపు నుంచి పనులకు పట్నం పోయే కుటుంబాలు పిల్లలను అవ్వతాతల దగ్గర వదిలిపెట్టి పోతుంటాయి. అట్లాంటివారు పోయే ముందు అవ్వనో, తాతనో బడికి వెంటబెట్టుకుపోయి క్లాసు టీచరుకు చూపించి పోవాలి. 'ఏదన్నా ఉంటే ఈ నంబరుకు నాకే చెయ్యండి సార్, రాత్రి ఏడు దాటినంక ఎత్తుత' అని చెప్పి పోవాలి. ఏడు దాటాక చేసే సార్లు ఉన్నారు.

ఏప్రిల్‌లో పోయిన నాడు ఇంకో పని కూడా చేసుకు రండి. పై తరగతికి పోయే ముందు మీ పిల్లవాడికి ఏ సబ్జెక్టులో ఏది రాలేదో ఒక్కో సారును అడిగి, ఒకే కాగితం మీద రాయించి తీసుకోండి. ఎండాకాలం సెలవులు నెలా పదిహేను రోజుల పైనే ఉంటాయి. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు ఎవరో ఒకరు అప్పుడు ఇంటి దగ్గరే ఉంటారు. ఆ కాగితం వాళ్ల చేతిలో పెట్టి పొద్దున ఒక గంట చెప్పమంటే కాదనరు.